మన మాల్‌ధక్కా 'పార్టీ'ల జ్ఞాపకాలు ఎలా పోగు చేయాలి

బాపు చనిపోయిన ఏడాది ఇంటికి సున్నం వేయిస్తూ అటక మీది సామానంతా దించాం. అందులో పొడుగాటి లెక్కల పుస్తకాలు నాలుగైదు ఉన్నాయి, అట్టల నిండా నూనె మరకలు, లోపల పెన్సిల్ గీతలు. ఎవరమూ సరిగా తెరిచి చూడలేదు. పాత పేపర్లతో పాటు తూకానికి వేసేశాం. ఆర్నెల్ల తర్వాత, బాపుతో కలిసి బల్లార్షా మాల్‌ధక్కాలో (రైల్వే గూడ్స్ షెడ్డులో) హమాలీ చేసిన కాకా ఒకాయన ఇంటికొచ్చి "మీ నాయన రాసిన బుక్కులు ఉన్నయా బిడ్డా, ఏ పార్టీకి ఎన్ని వ్యాగన్లు దింపినమో అంతా అండ్లనే ఉండె" అని అడిగాడు. లేవని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆ రోజు నుంచి, ఆ పుస్తకాల్లో ఏముండేదో మనుషుల దగ్గర అడిగి మళ్ళీ రాసుకుంటున్నాను. ఈ పని ఎలా చేయాలో, ఎక్కడ తప్పటడుగులు పడతాయో నాకు అనుభవం మీద తెలిసింది ఇక్కడ రాస్తున్నా. మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్పూర్ (స్టేషన్ పేరు బల్లార్షా), రాజురా, వరోరా వైపు ఉన్న మన తెలుగువాళ్ళకు ఇది నేరుగా పనికొస్తుంది. ఒడిశాలోని రాయగడ వైపు వాళ్ళు ఊరి పేర్లు మార్చుకుంటే చాలు.

ముందు 'పార్టీ' అంటే ఏమిటో చెప్తాను. గూడ్స్ ఆఫీసులో సరుకు పంపేవాడైనా అందుకునేవాడైనా పార్టీయే. "పార్టీ వచ్చిందా", "పార్టీ ఇంకా మాల్ ఎత్తలేదు" అనేవాళ్ళు. మన దగ్గర పెద్ద పార్టీలు అందరికీ తెలుసు. కంపెనీగా 1945లో మొదలైన బల్లార్పూర్ పేపర్ మిల్లు, బొగ్గు గనులు, ఘుగుస్, గడ్‌చాందూర్, అవార్‌పూర్ సిమెంట్ ఫ్యాక్టరీలు, 1980ల్లో వచ్చిన చంద్రపూర్ థర్మల్ స్టేషన్, ఫెర్రో మాంగనీస్ తీసే ఎలెక్ట్రోస్మెల్ట్. వీటి గురించి ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు రాసే ఉంటారు. ఎవరూ రాయనిది చిన్న పార్టీల సంగతి. నెలకు ఒక వ్యాగన్ ఉప్పు తెప్పించుకున్న కిరాణా హోల్‌సేల్ షావుకారు, ఎరువుల డీలరు, అల్లపల్లి అడవి నుంచి వచ్చిన టేకు దుంగలు కోసి పంపిన సా మిల్లు, వేసవిలో తునికాకు బస్తాలు ఎక్కించిన కాంట్రాక్టరు, బెల్లం వ్యాపారి, మూటల బట్టలు దింపుకున్న దుకాణదారు. ఈ గైడు వాళ్ళ కోసమే.

వాళ్ళు ఎందుకు మాయమయ్యారో తెలిస్తేనే సరైన ప్రశ్నలు అడగగలం, అందుకని ఒక్క విషయం వివరంగా చెప్తాను. పాత రోజుల్లో నాలుగు చక్రాల మూసిన వ్యాగన్ ఒక్కటి బుక్ చేసుకోవచ్చు. అందులో 20 టన్నుల పైచిలుకు సరుకు పట్టేది, ఒక షావుకారు గోదాములో ఒదిగిపోయే సరుకు అది. ఇంకా చిన్న మూటలైతే పదిమంది సరుకూ ఒకే వ్యాగన్‌లో వేసేవాళ్ళు, వాటిని 'స్మాల్స్' అనేవాళ్ళు. 1980ల నుంచి రైల్వే పూర్తి రేక్‌ల వైపు మళ్ళింది. మూసిన బోగీ వ్యాగన్లు నలభైకి పైగా ఒక బండి, అంటే సుమారు రెండున్నర వేల టన్నులు ఒకే స్టేషన్ నుంచి ఒకే స్టేషన్‌కి. ఎరువుల కంపెనీ అంత పంపగలదు, సిమెంట్ ఫ్యాక్టరీ పంపగలదు. ఉప్పు షావుకారు రెండున్నర వేల టన్నుల ఉప్పు ఏం చేసుకుంటాడు? లారీ దగ్గరికి పోయాడు. కాబట్టి "రైల్వే ఎప్పుడు మానేశారు?" అని అడిగితే చాలామంది "మేం మానలేదు, వాళ్ళే ఒక్క వ్యాగన్ ఇయ్యం అన్నరు" అంటారు. ఆ మాట అలాగే రాసుకోండి, చాలా విలువైన మాట.

ఎవరి దగ్గర మొదలు పెట్టాలి

నేను మొదట్లో చేసిన తప్పు, నేరుగా షావుకార్ల ఇళ్ళకు వెళ్ళడం. షావుకారుకు, ఆయన కొడుకులకు దుకాణం పేరు, తాత ఏ ఊరి నుంచి వచ్చాడు, ఎప్పుడు ఇల్లు కట్టారు అన్నది గుర్తుంటుంది. సరుకు ఏ వ్యాగన్‌లో వచ్చింది, తలుపు ఏ వైపు తెరిచారు, ఎన్ని బస్తాలు తడిశాయి అన్నది గుర్తుండదు, ఎందుకంటే ఆయన ధక్కా మీదికి వచ్చిందే తక్కువ. అదంతా మోసినవాళ్ళకు గుర్తుంటుంది. కాబట్టి ముందు హమాలీలు, తర్వాత ధక్కా నుంచి దుకాణానికి సరుకు చేర్చిన ఎడ్లబండివాళ్ళు, ట్రాక్టర్ డ్రైవర్లు, ఆ తర్వాత షావుకారు దగ్గర పనిచేసిన గుమాస్తా. గుమాస్తా దొరికితే మీ అదృష్టం, బిల్టీ (సరుకుకు రైల్వే ఇచ్చే రసీదు) చేతిలో పట్టుకుని గూడ్స్ క్లర్క్ ముందు నిలబడ్డది ఆయనే. రైల్వేలో రిటైరైన వాళ్ళలో నంబర్ టేకర్లను వెతకండి. యార్డులో నడుస్తూ ప్రతి వ్యాగన్ నంబరూ రాసుకోవడమే వాళ్ళ పని. నాకు దొరికిన ఒక పెద్దాయన ముప్పయి ఏళ్ళ కింద ఏ లైన్లో ఏ పార్టీ వ్యాగన్లు పెట్టేవాళ్ళో వేలితో గాలిలో గీసి చూపించాడు. షావుకార్ల దగ్గరికి చివర్న వెళ్ళండి, అప్పటికి మీకు అడగాల్సిందేమిటో తెలిసి ఉంటుంది.

హమాలీలు ఎక్కడ దొరుకుతారంటే, మహారాష్ట్రలో 1969 నాటి మాథాడీ (బరువులు మోసే కూలీల) చట్టం కింద చాలామందికి బోర్డు నమోదు ఉంది. ఆ పాస్‌బుక్కు, గుర్తింపు కార్డు ఇంట్లో దాచుకునే ఉంటారు. దాన్ని చూపించమని అడగడం మంచి మొదలు, ఎందుకంటే కార్డు మీద ఏడాది ఉంటుంది, టోలీ (కూలీల జట్టు) పేరు ఉండొచ్చు, వెంటనే పక్కన ఎవరెవరు పనిచేశారో పేర్లు వస్తాయి.

ఇంకొక వర్గాన్ని అందరూ మర్చిపోతారు. ధాన్యం వ్యాగన్ ఖాళీ అయ్యాక కింద రాలిన గింజలు ఊడ్చుకున్న ఆడవాళ్ళు. చేట, చీపురు, ఒక గోనె పట్టుకుని పట్టాల పక్కన కూర్చునేవాళ్ళు. ఏ వ్యాగన్‌లో ఏ ధాన్యం వచ్చిందో, ఏ నెలలో ఎక్కువ వచ్చేదో వాళ్ళకు తెలిసినంత క్లర్కుకు కూడా తెలియదు, ఆ పూట ఇంట్లో వంట దాన్ని బట్టే కదా. మా వాడలో ఒక అవ్వ, "గోధుమల బండి వస్తే రొట్టె, బియ్యం బండి వస్తే బువ్వ, ఎరువుల బండి వస్తే పస్తు" అంది. అయితే ఇక్కడ జాగ్రత్త. రాలినవే అయినా రైల్వే ఆవరణలోంచి తీసుకున్నారన్న మాట రేపు ఎవరైనా తప్పుగా వాడుకోవచ్చు. వాళ్ళ పేర్లు, ఇల్లు, కొడుకుల వివరాలు రాయకండి. 'ఊడ్పు గింజలు ఏరిన ఒక అవ్వ' అంటే సరిపోతుంది. బొగ్గు ఏరిన వాళ్ళ విషయంలోనూ ఇంతే.

ఎలా అడగాలి

"మీ జ్ఞాపకాలు చెప్పండి కాకా" అంటే ఎవరూ చెప్పరు. "ఏముంటయి బిడ్డా, బస్తాలు మోసినం, బతికినం" అంటారు, అక్కడితో అయిపోతుంది. నాకు మొదటి మూడు ఇళ్ళలో ఇదే జరిగింది. నాలుగో ఇంట్లో ఎందుకో నా నోటి నుంచి "ఏ సరుకు దింపితే ఒళ్ళు ఎక్కువ మండేది?" అని వచ్చింది. ఆ కాకా లేచి కూర్చున్నాడు.

"ఉప్పు" అన్నాడు. రెండు చేతులూ నా ముందు చాచాడు. అరచేతుల్లో, వేళ్ళ మడతల్లో ఇప్పటికీ తెల్లటి గీతలున్నాయి. ఉప్పు బస్తా తడిగా వస్తుందట, మెడ మీద పెట్టుకుంటే నీరు కారి వీపంతా పాకుతుంది, చేతి పగుళ్ళలోకి దిగితే రాత్రంతా నిద్ర ఉండదు. ఇంటికి పోగానే కొబ్బరినూనె కాచి రాసుకునేవాళ్ళట. ఆ నూనె ఎవరు ఇచ్చేవాళ్ళని అడిగితే, ఫలానా షావుకారు ఉప్పు వ్యాగన్ రోజు మాత్రం సీసాడు నూనె పంపేవాడని, రెండో షావుకారు పంపేవాడు కాదని, అందుకే రెండో ఆయన వ్యాగన్ వస్తే టోలీ ఆలస్యంగా కదిలేదని చెప్పాడు. చూడండి, ఒక్క ప్రశ్నతో రెండు పార్టీలు, ఒక సరుకు, అది గుజరాత్ వైపు నుంచి వచ్చేదన్న సంగతి, వాళ్ళ మధ్య లెక్కలు అన్నీ బయటికొచ్చాయి.

కాబట్టి ప్రశ్న ఒంటిని తాకాలి. ఏ బస్తా బరువు ఎక్కువ? (ఇప్పుడు సిమెంటు, ఎరువు బస్తాలు 50 కిలోలు దాటవు, అప్పట్లో ధాన్యం, చక్కెర గోనెలు 100 కిలోలు ఉండేవి, మెడ మీద ఆ తేడా ఎవరూ మర్చిపోరు.) ఏ సరుకు వాసన ఇంటిదాకా వచ్చేది? ఏ వ్యాగన్ తెరిస్తే ఈగలు, తేనెటీగలు లేచేవి? ఏ పార్టీ చాయ్ పోయించేది, ఏ పార్టీ కూలి రేపు మాపు అనేది? ఏ రోజు బండి వస్తే పెళ్ళికి కూడా పోలేకపోయారు? ఇలాంటివి అడగండి. తేదీలు అడగకండి, ముందే అడిగితే మనిషి బిగుసుకుపోతాడు, పరీక్షలో కూర్చోబెట్టినట్టు.

భాష కూడా ముఖ్యం. మనవాళ్ళు ఇంట్లో తెలుగు మాట్లాడినా ధక్కా మీద పని హిందీలో, మరాఠీలో జరిగింది. ఇంటి భాషలో అడిగితే ఇంటి సంగతులే వస్తాయి. నేను ఇప్పుడు కావాలనే మధ్యలో "మాల్ ఉతర్‌నే కో కిత్నా టైమ్ మిల్‌తా థా" (సరుకు దించడానికి ఎంత టైమ్ దొరికేది) అని అడుగుతాను, వెంటనే ముకద్దం (కూలీల మేస్త్రీ) గొంతు, క్లర్క్ గొంతు అన్నీ వాళ్ళ నోట్లోంచి వస్తాయి. ఒక్క లెక్క దగ్గర మాత్రం తెలుగు నిలిచింది. బస్తాలు లెక్కపెట్టేటప్పుడు 'ఒకటి' అనకుండా 'లాభం' అని మొదలుపెట్టేవాళ్ళు మన పెద్దలు, కల్లంలో వడ్లు కొలిచినట్టే. ఒక మార్వాడీ షావుకారు తన సరుకు కూడా అలాగే లెక్కపెట్టమని అడిగేవాడని కాకా చెప్పినప్పుడు నాకు చాలా సంతోషమైంది.

వస్తువు ఏదైనా ఉంటే చేతికి తీసుకోమనండి. ఆ కాకా ట్రంకు పెట్టెలోంచి హుక్కు తీశాడు, బస్తా లాగే ఇనుప కొక్కెం. చెక్క పిడి అరిగి ఆయన వేళ్ళ ఆకారంలోకి వచ్చేసింది, నేను పట్టుకుంటే నా వేళ్ళకు సరిపోలేదు. కొన మొద్దుబారి ఉంది. ఎందుకు పదును పెట్టలేదంటే, చక్కెర, ఎరువు బస్తాలకు పదునైన హుక్కు వాడితే సంచి చిరుగుతుంది, చిరిగితే పార్టీ కూలిలో కోస్తుంది, అందుకే ధాన్యానికి ఒక హుక్కు, మిగతావాటికి మొద్దు హుక్కు అని రెండు ఉండేవట. హుక్కు చూడకపోతే ఈ సంగతి నాకు తెలిసేదే కాదు.

రికార్డింగ్ గురించి రెండే మాటలు. అడిగి, ఒప్పుకున్నాకే ఫోన్ రికార్డర్ ఆన్ చేయండి. ఆ రాత్రే ఇంకోచోట కాపీ పెట్టండి. ఫోన్ పాడై రెండు గంటల మాటలు పోగొట్టుకున్నాను, మళ్ళీ వెళ్ళేసరికి ఆ పెద్దమనిషి మంచాన పడ్డాడు.

ఏడాది ఎలా పట్టుకోవాలి

తేదీ అడగొద్దన్నాను, కానీ ఏడాది కావాలి కదా. ఊరంతా గుర్తుపెట్టుకున్న సంఘటనకు కట్టి అడగండి. 1972 కరువుకు ముందా తర్వాతా? 1973లో గనులు సర్కారు తీసుకున్నప్పుడు ఈ పార్టీ ఉందా? 1974 మేలో 20 రోజుల రైల్వే సమ్మె జరిగింది, ఆ సమ్మెలో మీ వ్యాగన్ ఎక్కడ ఆగింది? (ఈ ప్రశ్న ఎప్పుడూ వృథా పోదు, ధక్కా మీద బతికినవాళ్ళకు ఆ 20 రోజులు కడుపుకి గుర్తు.) 1982 ఆగస్టులో గడ్చిరోలి వేరే జిల్లా అయ్యేనాటికి తునికాకు ఇంకా రైలెక్కేదా? ఇందిరాగాంధీ చనిపోయిన రోజు ధక్కా మీద ఏ సరుకు ఉంది? చాందాఫోర్ట్ (చంద్రపూర్‌లోనే ఇంకో స్టేషన్) వైపు వాళ్ళనైతే చిన్న లైను తీసేసి పెద్ద లైను వేసిన 1990లు అడగండి. గోందియా నుంచి వచ్చే ఆ నేరోగేజ్ బండి సరుకు పెద్ద లైను వ్యాగన్‌లోకి పోవాలంటే మధ్యలో మనిషి మెడ ఉండాల్సిందే. ఒకే బస్తా రెండుసార్లు మోసిన వాళ్ళు ఇంకా ఉన్నారు.

ఇద్దరు రెండు రకాలుగా చెప్తే రెండూ రాసుకోండి. ఎవరిది నిజమో మీరు తేల్చేయకండి. మా దగ్గర ఒక సా మిల్లు సైడింగ్ (మెయిన్ లైను నుంచి విడిగా వేసిన పక్క లైను) గురించి ముగ్గురు మూడు మాటలు చెప్పారు, ఏడాది తర్వాత ఒక కాగితం దొరికితే తెలిసింది, ముగ్గురూ మూడు వేర్వేరు కాలాల గురించి మాట్లాడుతున్నారని.

బిల్టీ దొరికితే

కాగితాల్లో అన్నిటికంటే విలువైనది బిల్టీ, అంటే రైల్వే రసీదు, ఆర్ఆర్. సరుకు రైల్వేకి అప్పగించినందుకు ఇచ్చే కాగితం అది, దాన్ని చూపిస్తేనే అవతల సరుకు ఇస్తారు. పాత దుకాణాల్లో లక్ష్మీ పటం వెనక, ఇనప తీగకు గుచ్చిన కాగితాల కట్టల్లో, చోప్డీ (లెక్కల పుస్తకం) అట్టల మధ్య వెతకండి. చూసేటప్పుడు కట్ట విప్పకండి, వరుస చెడిపోతే కాలం తెలియదు. ఉన్నదున్నట్టు ఫోటో తీసుకోండి, కాగితం వాళ్ళింట్లోనే ఉండనివ్వండి.

బిల్టీలో పంపిన స్టేషన్, చేరే స్టేషన్, పంపినవాడు, అందుకునేవాడు, సరుకు, బరువు, వ్యాగన్ నంబరు, కిరాయి, కిరాయి ముందే కట్టారా అక్కడ కట్టాలా అన్నది ఉంటాయి. అందుకునేవాడి చోట 'సెల్ఫ్' అని ఉంటే నిరాశపడకండి, వెనక్కి తిప్పండి. పంపినవాడు తన పేరు మీదే బుక్ చేసి, బిల్టీ బ్యాంకుకు పంపి, షావుకారు డబ్బు కట్టాక వెనక సంతకం చేసి ఇప్పించేవాళ్ళు. అసలు పార్టీ పేరు, బ్యాంకు ముద్ర, తేదీ అన్నీ వెనకే దొరుకుతాయి. స్టేషన్ల పేర్లు చాలాచోట్ల కోడ్‌లో ఉంటాయి. బల్లార్షాకి బీపీక్యూ, చంద్రపూర్‌కి సీడీ, చాందాఫోర్ట్‌కి సీఏఎఫ్, సిర్పూర్ కాగజ్‌నగర్‌కి ఎస్‌కేజడ్‌ఆర్.

తేదీ చిరిగిపోయిన బిల్టీ కాలం కట్టడానికి నేను వాడే గుర్తులు చెప్తాను, ఇవి నాకు చాలాసార్లు పనికొచ్చాయి. కిరాయి అణాల్లో ఉంటే అది దాదాపు 1957 ఏప్రిల్‌కి ముందుది, ఆ నెల నుంచే నయా పైసలు వచ్చాయి. బరువు మణుగుల్లో ఉన్నా పాతదే. పైన జీఐపీ (గ్రేట్ ఇండియన్ పెనిన్సులా) రైల్వే అనో, నిజాం స్టేట్ రైల్వే అనో ఉంటే 1951 నవంబరుకు ముందుది, ఆ నెలలో రెండూ కలిసి సెంట్రల్ రైల్వే అయ్యాయి (చేతిలో మిగిలిన పాత ఫారాలు కొన్నాళ్ళు వాడి ఉండొచ్చు, అది మనసులో పెట్టుకోండి). సౌత్ సెంట్రల్ అని ఉంటే 1966 అక్టోబరు తర్వాతది. చాందాఫోర్ట్ వైపు కాగితమైతే బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే, తర్వాత కొన్నేళ్ళు ఈస్టర్న్, 1955 నుంచి సౌత్ ఈస్టర్న్, 2003 నుంచి సౌత్ ఈస్ట్ సెంట్రల్. వ్యాగన్ నంబరు 11 అంకెలుంటే అది ఈ శతాబ్దపు కాగితమే. అందులో మొదటి రెండు అంకెలు వ్యాగన్ రకం, 30ల్లో ఉంటే మూసిన వ్యాగన్, 10 నుంచి 29 దాకా తెరిచిన వ్యాగన్, తర్వాతి రెండు ఏ రైల్వేదో, ఆ తర్వాతి రెండు వ్యాగన్ తయారైన ఏడాది.

ఇక్కడే మన ప్రాంతపు ప్రత్యేకత ఒకటి ఉంది. బల్లార్షా, చంద్రపూర్ స్టేషన్లు సెంట్రల్ రైల్వే. వార్ధా నది వంతెన దాటి మాణిక్‌గఢ్ వెళ్తే సౌత్ సెంట్రల్. చాందాఫోర్ట్ సౌత్ ఈస్ట్ సెంట్రల్. నాలుగు అడుగులు వేస్తే మూడు రైల్వేలు, ఒకే షావుకారు మూడింటిలోనూ పార్టీ అయి ఉండొచ్చు. పైగా రాజురా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోది, అక్కడి కాగితాలు ఉర్దూలో కూడా దొరుకుతాయి, చదివిపెట్టే పెద్దలు ఇంకా ఉన్నారు, ఆలస్యం చేయకండి. కాజీపేట నుంచి బల్లార్షా దాకా లైను 1929లో పూర్తయ్యాకే ఢిల్లీ, మద్రాసు నేరుగా కలిశాయి. మన కరీంనగర్, ఆదిలాబాద్ తాతలు చాలామంది ఆ లైను పట్టుకునే ఇటు గనులకు, మిల్లుకు వచ్చారు, కాబట్టి సరుకు గురించి అడుగుతూ పోతే మీ ఇంటి చరిత్రే ఎదురవుతుంది.

నేల మీద వెతకడం

తీసేసిన సైడింగ్ ఎక్కడుండేదో తెలియాలంటే రైలు మలుపు తిరిగే తీరు గుర్తుపెట్టుకోండి. రైలు లారీలా చటుక్కున తిరగలేదు, పొడుగ్గా నెమ్మదిగా వంగాలి. ఫోన్లో ఉపగ్రహ చిత్రం తెరిచి చూస్తే, లైను తీసేసి ముప్పయి ఏళ్ళైనా ఆ వంపు కనిపిస్తుంది. కాంపౌండ్ గోడ కారణం లేకుండా విల్లులా వంగి ఉంటుంది, ఇళ్ళ వరుస అదే వంపులో పోతుంది, రోడ్డు మీద ఒకచోట ఎత్తు ఉంటుంది. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 పటాల పాత ముద్రణలు దొరికితే పక్కన పెట్టుకుని పోల్చండి. 1950ల్లో అమెరికా సైన్యం వేసిన 1:2,50,000 పటాలు నెట్‌లో ఉచితంగా ఉన్నాయి, వాటిలో సైడింగ్ అంత చిన్నవి దొరకవు గానీ లైన్లు తెలుస్తాయి.

అక్కడికి వెళ్తే పాత పట్టా ముక్కలు కనిపిస్తాయి. కంచె స్తంభాలుగా, బట్టలు ఆరేసే కమ్మీలుగా, మోరీ మీద అడ్డంగా. పట్టా నిలువు భాగం మీద, తయారుచేసిన కంపెనీ పేరు, బరువు గుర్తు, ఏడాది ఉబ్బెత్తుగా అచ్చు వేసి ఉంటాయి. తుప్పు పట్టి చదవడానికి రాకపోతే తెల్ల సుద్ద అడ్డంగా రుద్ది, సాయంత్రం ఏటవాలు ఎండలో ఫోటో తీయండి, అక్షరాలు లేచి కనిపిస్తాయి. మా వాడ చివర ఒక ఇంటి ముందు కంచెలో ఇలా రుద్ది చూస్తే స్వాతంత్ర్యానికి ముందటి ఏడాది బయటపడింది, ఆ ఇంటివాళ్ళు నలభై ఏళ్ళుగా దానికే గేదెను కడుతున్నారు. అయితే పట్టా మీది ఏడాది ఆ ఇనుము తయారైన ఏడాదే, సైడింగ్ వేసిన ఏడాది కాదు. మెయిన్ లైన్లో అరిగిన పట్టాలు తెచ్చి సైడింగుల్లో వేసేవాళ్ళు.

నడుస్తున్న లైను మీదికి, యార్డులోకి మాత్రం అనుమతి లేకుండా పోవద్దు. 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ ప్రకారం అది నేరం, దానికంటే ముందు ప్రాణం ముఖ్యం, ఎలక్ట్రిక్ ఇంజన్ చప్పుడు వినిపించేలోపే వచ్చేస్తుంది. జ్ఞాపకానికని ఇనుప ముక్క ఒక్కటి కూడా ఇంటికి తేవద్దు, రైల్వే ఆస్తి దగ్గర పెట్టుకున్నా కేసే. ధక్కా చూడాలంటే గూడ్స్ సూపర్‌వైజర్‌ని మర్యాదగా అడగండి, చాలాచోట్ల కాసేపు నిలబడి చూడనిస్తారు.

సమాచార హక్కు దరఖాస్తు 10 రూపాయలతో పెట్టొచ్చు, 30 రోజుల్లో జవాబు రావాలి. కానీ 'పాత పార్టీల వివరాలు ఇవ్వండి' అని అడిగితే రికార్డు లేదనే వస్తుంది, రోజువారీ గూడ్స్ కాగితాలు కొన్నేళ్ళకే తీసేస్తారు. ఫలానా స్టేషన్‌లో ఏయే ప్రైవేటు సైడింగులకు ఒప్పందం ఉండేది, సైడింగ్ ప్లాన్ కాపీ ఉందా అని అడగండి. మూడు రైల్వేలున్నాయని పైన చెప్పాను కదా, ముందు స్టేషన్ ఎవరిదో చూసుకుని రాయండి.

రాసిపెట్టడం

ఒక్కో పార్టీకి ఒక్కో కాగితం పెట్టుకోండి. ఏ సరుకు, వచ్చిందా పోయిందా, ఏ ఊరితో, ఎలాంటి వ్యాగన్‌లో, ఏ కాలంలో, ఎవరు దింపారు, ధక్కా నుంచి ఎలా పోయింది, ఎప్పుడు ఆగింది. ప్రతి మాట పక్కన అది ఎవరు చెప్పారో చిన్న గుర్తు. కళ్ళతో చూసి చెప్పినదానికి ఒక గుర్తు, విని చెప్పినదానికి ఇంకొకటి. వాళ్ళ మాట వాళ్ళ యాసలోనే రాయండి, "అండ్ల ఉండె"ను "అందులో ఉండేది"గా దిద్దకండి. అప్పులు, తగాదాలు, కులం మాటలు వస్తే, చెప్పినవాళ్ళను మళ్ళీ అడిగి, వద్దంటే కొట్టేయండి.

రాసింది పెద్దక్షరాల్లో ప్రింటు తీసి చెప్పినవాళ్ళ ఇంటికి తీసుకెళ్ళి ఇవ్వండి. చదవడం రాకపోతే కూర్చుని చదివి వినిపించండి. ప్రింటు తీసేటప్పుడు పక్కన మార్జిన్ బాగా వదలండి. ఉప్పు కాకాకు నేను చదివి వినిపిస్తుంటే మధ్యలో ఆపాడు. నేను 'షావుకారు నూనె పంపేవాడు' అని రాశాను. "షావుకారు కాదు, షావుకారు భార్య పంపేది, ఆయనకు తెల్వకుండ" అన్నాడు. మనవరాలి పెన్ను తీసుకుని, వణికే చేత్తో, మార్జిన్‌లో ఆ ముక్క తనే రాశాడు.